అన్నయ్య కెప్టెన్‌కి చెప్పిన మాటలు

మా అన్నయ్య ఎక్కడికి వెళ్ళినా ముందు కుర్చీని చూస్తాడు. ప్లాస్టిక్‌దయితే కూర్చోడు. పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నాను, కాసేపు నిలబడనివ్వండి అంటాడు. చెక్కదయితే మాట్లాడుతూనే దాని వీపు మీద చెయ్యి వేసి, కొంచెం నొక్కి చూసి, అప్పుడు కూర్చుంటాడు. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా నేనిది గమనించలేదు. నలుగురిలో నోరు విప్పలేక, చూస్తూ కూర్చోవడమే పనిగా పెరిగినదాన్ని, అయినా గమనించలేదు. ఒక ఫోన్‌లో, నేనెవరో తెలియకుండా, తనే రాస్తే తెలిసింది.

అన్నయ్యకి ఇరవై ఆరేళ్ళు. ఊరి చివర పార్సిళ్ళ గిడ్డంగిలో పని. లారీల్లోంచి దిగిన పెట్టెలు రబ్బరు బెల్టు మీద కదిలి వస్తుంటే, పైనున్న చీటీ చూసి, ఏ పేటకి వెళ్ళాల్సిన పెట్టెని ఆ బుట్టలోకి తోస్తాడు. ఎనిమిది గంటలూ నిలబడే చెయ్యాలి. అక్కడ పన్నెండు బెల్టులున్నాయి, తనది ఆరోది. కొత్తగా చేరినవాళ్ళని మొదటి వారం ఆరో బెల్టు దగ్గరికే పంపుతారట. అన్నయ్య వాళ్ళని కసురుకోడు. తప్పు బుట్టలో పెట్టె పడితే, తనే వంగి తీసి సరైన బుట్టలో వేసి, ఏమీ జరగనట్టు తరవాతి పెట్టె అందుకుంటాడు. వంగడం తనకి కష్టం. అయినా వంగుతాడు.

నాన్న మంచాన పడ్డ ఏడాది, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా మూడంతస్తులు చేతుల మీద ఎత్తుకుని దించింది అన్నయ్యే. మా మేడకి లిఫ్టు లేదు. ఆ ఏడాదే నా చదువు ఆగిపోయింది, పదో తరగతి పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయనగా. అమ్మ లాండ్రీలో ఇస్త్రీ పనికి వెళ్ళాలి, అన్నయ్య గిడ్డంగికి వెళ్ళాలి, నాన్న దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. తరవాత నాన్న పోయాడు. నేను మాత్రం బడికి తిరిగి వెళ్ళలేదు. నాకంటే చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గేసింది.

రెండేళ్ళ కిందట మేడమ్ దగ్గర పనికి కుదిరాను. కళ్ళజోళ్ళ షాపు పైన రెండు గదులు. ముందు గదిలో మేడమ్. వెనక గదిలో నేనూ, ఒక ఫ్రిజ్జూ, వారానికి రెండుసార్లు వచ్చి డాబా మీద వీడియోలు తీసుకునే వ్యాయామం మాస్టారి చాపలూ. మేడమ్ ఆహారం గురించి పెద్ద చదువు చదివింది. బరువు తగ్గాలనుకునేవాళ్ళు ఆవిడ దగ్గరికి రానక్కర్లేదు. ఫోన్‌లో చేరతారు, తిన్నదేమిటో ఫోన్‌లో రాస్తారు, ఏం మార్చుకోవాలో ఆవిడ ఫోన్‌లోనే చెబుతుంది. నా పని గదులు ఊడవడం, టీ పెట్టడం, ఫోన్ మోగితే ఎత్తడం. మూడోదే కష్టంగా ఉండేది. "మేడమ్ పనిలో ఉన్నారు, మీ నంబరు చెప్పండి" అనే మాటని గోడవైపు తిరిగి పదిసార్లు చెప్పుకుని మరీ ఫోన్ ఎత్తేదాన్ని.

ఆడవాళ్ళు బాగానే చేరేవాళ్ళు, చేరినవాళ్ళు నిలబడేవాళ్ళు. కుర్రాళ్ళతోనే చిక్కు. ఒకసారి ప్రకటన ఇస్తే నలభై మంది చేరారు. రెండో వారానికి ముగ్గురు మిగిలారు. మేడమ్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగింది. అందరిదీ ఒకటే జవాబు. అబ్బే, చాలా బాగుంది మేడమ్, టైమే దొరకట్లేదు. ఆవిడ తల పట్టుకుని, ఫోన్‌లో కనిపించే లేతాకుపచ్చ రంగు నచ్చలేదేమో, ఆకుల బొమ్మ తీసేద్దామా అని తనలో తను అనుకుంటోంది. నేను గ్లాసులు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి మాట వచ్చేసింది.

"వాళ్ళకిది ఆస్పత్రిలా ఉంది మేడమ్. పక్కవాడు తొంగిచూస్తే పరువు పోతుందని తెరవట్లేదు."

"మరెలా ఉండాలంటావు?"

"ఆటలా ఉండాలి. వాళ్ళు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటారు కదా, అలా ఉండాలి."

ఎలా మాట్లాడుకుంటారో చెప్పమంది. నోటితో చెప్పడం నావల్ల కాదు. కాగితం మీద రాసిచ్చాను.

ఆ మాటలు నాకెక్కడివంటే, మా మేడ మెట్ల మీదివి. అన్నయ్య స్నేహితులు నలుగురైదుగురు సాయంత్రాలు అక్కడ చేరేవాళ్ళు. నేను వంటింటి కిటికీ లోపల కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. ఒకడు లావైతే రెండోవాడు వాణ్ణి ఏడిపిస్తాడు. ఏడిపించినవాడి భుజం మీదే వీడు చెయ్యి వేసుకుని ఇంటికి వెళతాడు. వాళ్ళందరిలో లావు మా అన్నయ్యే కాబట్టి మాటల్లో ముప్పాతిక తన మీదే పడేవి. అందరికంటే గట్టిగా నవ్వేదీ తనే. అంత గట్టిగా నవ్వేవాడికి నొప్పేముంటుంది అనుకున్నాను. నేను రాసిచ్చిన కాగితమంతా ఆ అనుకోవడం మీదే నిలబడి ఉంది.

మేడమ్ చదివి చాలాసేపు నవ్వింది. తరవాత ఇద్దరం కూర్చుని మొత్తం మార్చేశాం. బరువు అనే మాట ఎక్కడా ఉండకూడదు. పథ్యం, ఆరోగ్యం, ఆకుల బొమ్మ, ఏవీ వద్దు. పన్నెండు మంది ఒక జట్టు. అసలు పేర్లు వద్దు, ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. మొహం చూపించక్కర్లేదు. సోమవారం పొద్దున్న ఏడింటికి బరువు మిషను మీద నిలబడి, అంకె కనిపించేలా పాదాలు ఫోటో తీసి పంపాలి. ఎవరికి ఎంత తగ్గిందో కలిపి, జట్లని వరసలో పెడతాం. ఆఖరున నిలిచిన జట్టు ఆ వారం గుంజీలు తీసి వీడియో పెట్టాలి. జట్లన్నిటికీ కలిపి ఒక కెప్టెన్. అతని ఫోటో ఉండదు, ఈల బొమ్మ ఒకటి ఉంటుంది, అంతే.

కెప్టెన్‌గా ముందు వ్యాయామం మాస్టారిని కూర్చోబెట్టాం. ఆయన మొదటి రోజు రాసింది నాకింకా గుర్తుంది. శుభోదయం మిత్రమా, నేడు కూడా చిరునవ్వుతో ముందడుగు వేద్దాం. ఆ పూటే ఇద్దరు వెళ్ళిపోయారు. మర్నాడు మేడమ్ ఫోన్ నా చేతికిచ్చి, నువ్వు రాయి, చూద్దాం అంది.

నేను రాశాను. అద్దె ఇంటి లిఫ్టు ఎక్కేవాడికి: లిఫ్టు నీ మేనమామా, రోజూ పోయి పలకరిస్తున్నావు? పదిహేను వేల అడుగులు వేశానని లెక్క పంపినవాడికి: నడిచింది నువ్వా, ఫోన్ కట్టిన మీ కుక్కా? తొమ్మిదింటికి లేచానన్నవాడికి: నువ్వు లేచావా, మంచమే విసుగొచ్చి తోసేసిందా? వాళ్ళు నవ్వారు. ఎదురు మాటలు రాశారు. మెట్లెక్కారు. నెల తిరిగేసరికి ముప్పై ఆరు మందిలో ముప్పై ఒక్కరు నిలిచారు. ఫోన్ మోగితే వణికే నేను, ఈల బొమ్మ వెనక కూర్చుని ముప్పై మంది మగపిల్లల్ని దడదడలాడిస్తున్నాను. మేడమ్ నా జీతం పెంచింది. కెప్టెన్ ఆదివారాలు కూడా పలకాలి కాబట్టి ఆ ఫోన్ నన్నే ఇంటికి తీసుకెళ్ళమంది. ఇంట్లో అది ఆఫీసు ఫోనని మాత్రమే చెప్పాను. ఆడవాళ్ళకి తిండి లెక్కలు రాసి పెడతానని అమ్మ అనుకునేది.

ఆ తరవాతే గిడ్డంగివాళ్ళు మేడమ్‌తో మాట్లాడుకుని, మా మనుషుల్లో కూడా ఒక జట్టు కట్టండి అన్నారు. అది అన్నయ్య గిడ్డంగే. నేను కంగారు పడలేదు. ఇంట్లో ఎవరైనా లావు సంగతి ఎత్తితే చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయే మనిషి, తను చేరడమేమిటి అనుకున్నాను. పన్నెండు పేర్లు వచ్చాయి. సింహం, టైరు, నిద్రమత్తు, ఆరో బెల్టు, ఇంకా ఏవేవో. ఆరో బెల్టు దగ్గర మూడు పూటల్లో ముగ్గురు పనిచేస్తారు. మిగతా ఇద్దరిలో ఒకడై ఉంటాడు అని సర్ది చెప్పుకున్నాను.

మొదటి సోమవారం ఫోటోలు వచ్చాయి. ఆరో బెల్టు పంపిన ఫోటోలో కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. బొటనవేలి గోరు సగం నల్లగా ఉంది. ఆ గోరు మీద గ్యాస్ సిలిండర్ పడినప్పుడు పసుపురంగు మందు రాసి గుడ్డ కట్టింది నేనే. పాదాల కింద నూట ఇరవై ఆరు అని ఉంది.

అప్పుడే మేడమ్‌తో చెప్పేయాల్సింది. చెప్పలేదు. నిజం రాయాలంటే, నాకు సంతోషమేసింది. అన్నయ్య నా చేతికి చిక్కాడు, ఇంక నేను బాగుచేస్తాను అనుకున్నాను. పైగా అమ్మకి తెలియనిది నాకు తెలుస్తోంది. దొంగతనంగా తినే మిఠాయిలా ఉండేది ఆ తెలియడం.

కెప్టెన్ ఏదడిగినా అన్నయ్య చెప్పేవాడు. రోజూ నాలుగింటికి, ఒక్కొక్కరికీ విడిగా, ఇవాళ పొట్టలో ఏం పడింది అని రాసేదాన్ని. మిగతావాళ్ళు సగం అబద్ధాలు రాస్తారు, వెంటనే తెలిసిపోతుంది. అన్నయ్య అన్నీ రాసేవాడు. క్యాంటీన్‌లో అందరితో కూర్చుని కొంచెమే తింటాననీ, తరవాత మూడింటికి లారీలు ఆగే చోట గోడవైపు తిరిగి, కొనుక్కున్న బన్నులు నాలుగు తింటాననీ రాశాడు. బస్సు రెండు స్టాపుల ముందే దిగుతాననీ, ఆయాసం తగ్గాకే ఇంటి మెట్లు ఎక్కుతాననీ రాశాడు. కుర్చీల సంగతీ అలాగే రాశాడు. నేను ఆ రాతలన్నిటికీ కెప్టెన్ గొంతుతోనే జవాబిచ్చాను. గోడకి తినిపిస్తున్నావా బన్నులు, అది కూడా లావెక్కుతుంది చూడు. అన్నయ్య నవ్వు బొమ్మలు పంపేవాడు.

నాలుగో వారం మేడమ్ జట్లన్నిటికీ ఒక ప్రశ్న వెయ్యమంది. నిన్ను మొట్టమొదట లావని ఎవరన్నారు, ఏమన్నారు? కోపం ఎక్కడుందో రాసుకుంటే తిండి ఎందుకు తింటున్నారో వాళ్ళకే తెలుస్తుందని ఆవిడ ఉద్దేశం. చాలామంది బళ్ళో మాస్టారనీ, పక్కింటివాడనీ రాశారు. అన్నయ్య కెప్టెన్‌కి విడిగా ఇలా రాశాడు:

"మా చెల్లెలు. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. నాకు కొత్త ప్యాంటు కుట్టించారు. చుట్టాలందరూ ఉన్నారు. బస్తాకి కాళ్ళొచ్చాయి అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజునుంచి వీధంతా నన్ను బస్తా అనే పిలుస్తారు. దాని తప్పేం లేదు కెప్టెన్, చిన్నపిల్ల. దానికి గుర్తు కూడా ఉండదు."

నాకు గుర్తుంది. ఆ మాట అన్నందుకు మామయ్య నన్ను ఎత్తుకుని తిప్పాడు. నేనన్న మాటకి అంతమంది నవ్వడం అదే మొదటిసారి. అందుకే గుర్తుంది. అప్పుడే కాదు, మొన్నమొన్నటిదాకా, బస్తా అన్నం పెట్టమంటున్నాడమ్మా అని నేనే అంటూ ఉండేదాన్ని. అన్నయ్య రాసినదానికి ఆ రోజు జవాబు రాయలేకపోయాను. మర్నాడు ఈల బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. అప్పటినుంచీ ఇంట్లో బస్తా అనడం మానేశాను. మానేసినట్టు ఎవరూ గమనించలేదు, అన్నయ్య తప్ప. ఏమైంది చిన్నీ, పేరు మర్చిపోయావా అన్నాడు. నేను గిన్నెలు తోముకుంటూ తల తిప్పుకున్నాను.

ఐదో వారంలో గిడ్డంగి జట్టు రెండో స్థానానికి వచ్చింది. మొదటి జట్టుకీ వీళ్ళకీ అరకిలో తేడా. జట్టులో టైరు అనేవాడు రాశాడు, ఆరో బెల్టు దిగితే ఓడ దానంతటదే తేలుతుంది అని. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. అన్నయ్య మూడు పెట్టాడు. ఆ శనివారం కెప్టెన్‌కి విడిగా ఒక ప్రశ్న వచ్చింది.

"ఆదివారం మధ్యాహ్నం నుంచి నీళ్ళు మానేస్తే సోమవారానికి కిలో పైన తేడా వస్తోంది. తప్పా కెప్టెన్?"

అప్పటికి నా ముందు నలభై మెసేజీలున్నాయి. కెప్టెన్‌కి మాట తడుముకునే అలవాటు లేదు. ఆలోచించకుండా రాసేశాను: నీ దగ్గర ఒంటెలు ట్యూషన్‌కి రావాలి బాబూ.

తప్పు అని రాయలేదు. వద్దు అని రాయలేదు. ఎప్పటిలా నవ్వు బొమ్మ వచ్చింది. సోమవారం కిలోన్నర తగ్గాడు. జట్టు మొదటి స్థానానికి వెళ్ళింది. మేడమ్ ఆ పాదాల ఫోటో పెద్దది చేసి గోడకి అంటించింది. నేను దాని కింద రోజూ ఊడ్చాను.

నా మాటని అన్నయ్య సరే అన్నట్టు తీసుకున్నాడని ఇంట్లోనే తెలిసింది. తరవాతి ఆదివారం అన్నం దగ్గర గ్లాసు నింపిపెడితే నింపినట్టే ఉంది. సాయంత్రం ఎండలో బయటికి వెళ్ళి, ఒంటికి అంటుకుపోయిన చొక్కాతో తిరిగొచ్చాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి, కెప్టెన్‌గా రాశాను. ఒంటె మాట హాస్యానికన్నాను, నీళ్ళు తాగు. పక్క గదిలోంచి జవాబొచ్చింది. తాగుతున్నా కెప్టెన్. తొంగిచూస్తే మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. కెప్టెన్‌కి తను చెప్పిన మొదటి అబద్ధం అది. నేనెలా పట్టుకోను? నువ్వు తాగట్లేదు అని ఏ కళ్ళతో చూసి చెప్పను?

మర్నాడు పదిన్నరకి బెల్టు దగ్గర పడిపోయాడు. పడేటప్పుడు గడ్డం ఇనప అంచుకి తగిలింది. గిడ్డంగివాళ్ళు దగ్గరలో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళి అమ్మకి ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి నాలుగు కుట్లు వేసి, చేతికి సెలైన్ పెట్టారు. అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి పాదాలు రుద్దుతోంది. డాక్టరు అడిగాడు.

"నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా?"

"తాగుతున్నానండీ."

"భోజనం?"

"బాగానే తింటానండీ. చూస్తే తెలీడం లేదూ?"

డాక్టరు నవ్వాడు. అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్ళు లేవండీ అని ఒక్క మాట అంటే చాలు. అది నీకెలా తెలుసు అని అన్నయ్య నావైపు తిరుగుతాడు. ఆ తిరగడం నేను భరించలేననుకున్నాను. నోరు తెరవలేదు. డాక్టరు, వడదెబ్బ, రెండు రోజులు ఎండలో తిరగొద్దు అని రాసిచ్చాడు. సంచి మోస్తూ అమ్మ వెనకాల నడిచి వచ్చాను. దారిలో అమ్మ, ఆ గిడ్డంగి వాళ్ళకి ఫ్యాన్లు పెట్టించడం కూడా చేతకాదు అని తిడుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఆ ఊఁ కొట్టినందుకు నాకు ఇప్పటికీ నా మొహం చూసుకోబుద్ధి కాదు.

వారం రోజులు కెప్టెన్‌గా ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాను. మేడమ్ పేరు చెప్పి కూడా రాశాను. అలాగే కెప్టెన్, అలాగే కెప్టెన్ అని జవాబులు. మళ్ళీ ఆదివారం వచ్చింది. అమ్మ పక్క వీధిలో ఎవరినో చూడటానికి వెళ్ళింది. అన్నయ్య గడ్డానికి పట్టీతో అన్నం తిన్నాడు. తిన్నానని పేరు, అంతే. గ్లాసు ముట్టుకోలేదు. కంచం పక్కన ఫోన్ పెట్టుకుని జట్టువాళ్ళ రాతలు చూసుకుంటున్నాడు.

నేను వంటింట్లోంచి రాశాను. నీళ్ళు తాగు. అన్నయ్య ఫోన్ కంచం పక్కన గుర్రుమంది. తీసి రాశాడు. నా చేతిలో ఫోన్ గుర్రుమంది. తాగాను కెప్టెన్.

గడప దాటి ముందు గదిలోకి వచ్చాను. తన ఎదురుగా నిలబడి, తను చూస్తుండగా మళ్ళీ రాశాను. నీ గ్లాసు నిండుగా ఉంది. తన ఫోన్ గుర్రుమంది. చదివాడు. నా వేళ్ళ వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. ఒక అక్షరం కూడా రాయకుండా, చుక్క ఒకటి పెట్టి పంపాడు, అది వచ్చి నా ఫోన్‌లో పడింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదట్నుంచీ."

"అన్నీ చదివావా?"

తలూపాను.

"మీ మేడమ్?"

"ఆవిడ అంకెలే చూస్తుంది. మాటలు నేనొక్కదాన్నే."

అన్నయ్య నవ్వాడు. మెట్ల మీద నవ్వే నవ్వే అది, అంత గట్టిగానూ. నేను నవ్వలేదు. కాసేపటికి తనే ఆపేశాడు.

"ఒంటె మాట కూడా నీదేనా?"

"నాదే."

"బాగుంది. బెల్టు దగ్గర అందరికీ చూపించాను." కంచం తీసుకుని లేచాడు. వంటింట్లో కంచం కడిగి బోర్లించి, తలుపు దగ్గర ఆగాడు. "నేను ఆ సంగతులు వాడికి చెప్పాను చిన్నీ. నీకు చెప్పలేదు."

కేకలేసి ఉంటే బాగుండేది. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. బస్తా సంగతి నాకు గుర్తుందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పినా నా బరువు దించుకోవడానికే కదా అనిపించి ఊరుకున్నాను. అమ్మ వచ్చి, నిండా ఉన్న గ్లాసు తీసి కుండీలో మొక్కకి పోసేసింది.

సోమవారం ఆరో బెల్టు నుంచి ఫోటో రాలేదు. నేను మేడమ్ ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ లేచి గోడ మీది ఫోటో తీసేసింది. టేపు ఊడిరాక సున్నం పెచ్చు లేచింది. వారంలో కిలోన్నర ఎలా తగ్గాడని నేనొక్కసారి కూడా అడగలేదు, నా చదువుకి అది తెలియాల్సింది అంది. నన్ను తిట్టలేదు. తిడితే తేలికగా ఉండేదని ఆవిడకీ తెలిసినట్టుంది. వరసలు తీసేశాం. సోమవారం ఏడింటి నియమం తీసేశాం. ఇష్టమైన రోజు, నీళ్ళు తాగి, అంకె ఎవరికీ చూపించకుండా మేడమ్‌కి మాత్రమే పంపవచ్చు. తరవాత ఆవిడ, కెప్టెన్ ఊరెళ్ళాడని రాద్దామా అంది. వద్దండీ అన్నాను. జట్లన్నిటికీ నేనే రాశాను. కెప్టెన్ అనే మనిషి లేడు, ఇన్నాళ్ళూ రాసింది ఆఫీసులో పనిచేసే అమ్మాయి, మీరు మగవాడనుకుని చెప్పినవన్నీ నేను చదివాను, నన్ను క్షమించండి అని.

ఒకడు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒకడు, దేవుడా, నేను పెళ్ళిచూపుల సంగతి కూడా రాశానే అని రాసి ఆ నిమిషమే వెళ్ళిపోయాడు. సింహం అనేవాడు, అక్కా, నువ్వయినా తిట్టడం మానకు అన్నాడు. కొత్త పద్ధతి చప్పగా ఉందని ఇంకొందరు మానేశారు. గిడ్డంగి జట్టులో ఏడుగురు మిగిలారు. ఆరో బెల్టు పేరు జాబితాలో ఉంది కానీ, ఏమీ రాయదు.

ఇంట్లో అన్నయ్య నాతో మాట్లాడకుండా లేడు. ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అమ్మ ఏది, అన్నీ అంటాడు. కిటికీలోంచి విన్నాను, మెట్ల మీద ఎవడో బస్తా అంటే, పేరు పెట్టి పిలవరా అన్నాడు. మెల్లగానే అన్నాడు. అవతలివాడు ఏదో గొణిగి మాట మార్చాడు.

నిన్న నాలుగింటికి పని నుంచి వచ్చాడు. ఆ వేళకి కెప్టెన్ అడిగే ప్రశ్న ఒకటి ఉండేది. కెప్టెన్‌కయితే ఎంత తేలికో. నేను పొయ్యి వైపు తిరిగి, గరిటెతో ఖాళీ గిన్నె కెలుకుతూ అడిగాను.

"తిన్నావా?"

"ఆఁ, తిన్నా. క్యాంటీన్‌లో."

ఆ 'ఆఁ' ఎలాంటిదో నాకు తెలుసు. ముప్పై మందివి చదివాను. సరే అన్నాను. వెనక బూట్లు విప్పుతున్న చప్పుడు, ఒకటి పడింది, రెండోది పడలేదు.

"తినలేదు" అన్నాడు. "పొద్దున్న కూడా."

పొయ్యి వెలిగించి పెనం పెట్టాను. తిరిగి చూడలేదు, చూస్తే తను మాట వెనక్కి తీసుకుంటాడేమోనని.

"గుడ్లు ఎన్ని?"

"రెండు."

రెండు కొట్టాను. రెండో బూటు పడింది.

"మూడు వెయ్యి" అన్నాడు.